తాళం వేసిన ఇంటి ముందు ముగ్గు

జమేదార్ సారు పోయారన్న మాట నాకు అంగన్‌వాడీలో తెలిసింది. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ఉడికిన గుడ్ల పెంకులు తీసి పళ్లేల్లో పెడుతున్నాను. మా ఎదురింటి కోడలు తన మనవణ్ని తీసుకుపోవడానికి వచ్చింది. రోజూ గుమ్మం బయటే నిలబడి పిల్లాణ్ని కేకేసే మనిషి, ఆ రోజు లోపలికి వచ్చి నా పక్కన కింద కూర్చుంది.

"టీచరమ్మా, కామారెడ్డి నుంచి ఫోనొచ్చింది. మన జమేదార్ సారు పోయిండంట. పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంట కుర్చీలనే ఒరిగిండంట," అంది.

గుడ్డు నా చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా ఉన్న పిల్ల పళ్లెం ముందుకు జరిపి "టీచర్, నాకు?" అంది. పెట్టాను. మిగిలిన గుడ్లన్నీ ఆ కోడలే ఒలిచి పెట్టింది. ఆయన పేరు చెబితే మా ఇద్దరికీ గుర్తొచ్చేది ఒకే రోజు. ఆ రోజు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హెడ్ కానిస్టేబుల్‌ను మా వైపు జమేదార్ అంటారు. ఆయన అసలు పేరుతో మా గల్లీకి ఎప్పుడూ పని పడలేదు. చొక్కా మీద పేరు పట్టీ ఉండేది. చదువు వచ్చినవాళ్లం చదివే ఉంటాం. అయినా నోటికి వచ్చేది మాత్రం జమేదార్ సారు అనే. ఇక్కడ కూడా అలాగే రాస్తాను, ఆయనకూ అదే అలవాటు.

సన్నటి మనిషి. యూనిఫాం, అందులో ఇంకొకరికి చోటున్నట్టు, వదులుగా ఉండేది. మీసానికి మాత్రం శ్రద్ధగా నల్లరంగు వేసేవారు. ఎండాకాలం ఆ రంగు చెమటకు కరిగి పెదవి మీదికి దిగేది. మేమంతా చూసీ చూడనట్టు ఉండేవాళ్లం. పోలీసు మీసం గురించి పోలీసుకు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఆయనకు ఠాణాలో అప్పగించిన పని ఎవరికీ అంతగా గిట్టని పని. గల్లీ గల్లీ తిరిగి మీటింగులు పెట్టాలి, బడికి పోయి పిల్లలకు చెప్పాలి, తాగి బండి నడపొద్దని, ఫోన్లో నంబర్లు అడిగితే చెప్పొద్దని ఊరందరికీ చెప్పాలి. దొంగను పట్టుకుంటే పేపర్లో ఫోటో వస్తుంది. దొంగతనం కాకుండా చూస్తే ఏమొస్తుంది? ఆయనే ఒకసారి నవ్వుతూ అన్నారు, "జరగని దొంగతనానికి కేసు రాయరు చెల్లె. గందుకే మన పని ఎవలకు కనవడదు," అని. ఆ "మన" అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే.

పోలీసు గల్లీలోకి వస్తే మాకు మొదట పుట్టేది భయం. ఎవరింట్లో ఏమైందో అని తలుపు సందుల్లోంచి తొంగి చూస్తాం. ఆయన మాత్రం ఎవరింటి గడపా దాటేవారు కాదు. లోపలికి రమ్మంటే, "బూట్లిప్పుడు, తొడుగుడు పెద్ద పంచాది. గీడ మంచిగున్నది," అని అరుగు అంచున కూర్చునేవారు. మంచినీళ్లు అడిగి, చెంబు పెదవికి తగలకుండా ఎత్తి తాగేవారు. ఇంట్లోకి రాని పోలీసును చూసి ఆడవాళ్లం మెల్లగా అరుగు మీదికి వచ్చాం.

ఆయన శాంతమూర్తి ఏమీ కాదు. బజారులో బండ్లు ఉరికించే కుర్రాళ్లను చూస్తే ఒంటికాలి మీద లేచేవారు. తాళంచెవి గుంజుకుని, "దొబ్బుకుంట మీ అవ్వ దగ్గరికి నడువు. ఆమె ఇయ్యిమంటే ఇస్త," అనేవారు. వాడు ఎర్రటి ఎండలో బండి తోసుకుంటూ ముందు, ఈయన తన బండి మీద నిదానంగా వెనక. చలాను కంటే తల్లి తిట్టే గట్టిగా తగులుతుందని ఆయన లెక్క. ఇలాంటి ఊరేగింపులు ఎన్ని చూశామో.

ఇక నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆయన నాకు చేసిన మేలు మీకు చిన్నదిగా కనిపిస్తుంది. అప్పటికి నా భర్త పోయి ఏడాది దాటింది. జ్వరమే కదా అనుకున్నాం, జ్వరం కాదు. చిన్న తరగతి చదివే బిడ్డను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డిలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. అమ్మా నేనూ బీడీలు చుట్టి బతికేవాళ్లం. తెల్లవారకముందే లేచి, మా వాకిలి ఊడ్చుకుని, ఒళ్లో చాట పెట్టుకుని గుమ్మం లోపలి పక్కన కూర్చునేదాన్ని. గల్లీలో మొదట వెలిగే బల్బు మాదే.

అందరూ నాతో మంచిగానే మాట్లాడేవారు. కానీ ఎవరైనా ప్రయాణానికి బయలుదేరుతుంటే భర్త పోయినదాన్ని నేను ఎదురు పడకూడదు. పడితే ఏమీ అనేవారు కాదు. వెనక్కి తిరిగి లోపలికి పోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవారు. దానికంటే తిట్టినా బాగుండేది. అది చూసి చూసి నేనే ఒక అలవాటు చేసుకున్నాను. బయట అడుగు పెట్టే ముందు తలుపు చాటు నుంచి గల్లీ అటూ ఇటూ చూసి, సంచీ పట్టుకున్న మనిషి ఎవరూ లేరంటేనే దిగేదాన్ని. నిండా పాతికేళ్లు లేవు నాకు. సొంత గల్లీలో దొంగలా తిరిగాను.

ఆ ఏడు మా దగ్గర తాళం వేసిన ఇళ్లలో దొంగతనాలు ఎక్కువయ్యాయి. వేములవాడ మొక్కు తీర్చుకుని వచ్చేసరికి బీరువా తెరిచి ఉండేది. ఊరికి పోయేటప్పుడు ఠాణాలో చెప్పిపోవాలని జమేదార్ సారు గోడలకు కాగితాలు అంటించారు. ఎవరూ చెప్పలేదు. "పోలీసోళ్లకు చెప్పుడా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టే," అని ఒక ముసలమ్మ ఆయన ముఖం మీదే అన్నది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. ఆ వారంలోనే మహిళా సంఘం గదిలో మా గల్లీ ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టారు.

"మొన్న ఒకడు దొరికిండు," అని మొదలుపెట్టారు. "వాణ్ని కూసోబెట్టి అడిగిన. అరే, ఇన్ని ఇండ్లల్ల తాళమేసిన ఇల్లు ఎట్ల తెలుస్తదిరా నీకు అని. వాడేమన్నడెర్కేనా? సార్, మేం తాళంకప్పలు చూడం, వాకిండ్లు చూస్తం అన్నడు. సాన్పి లేదు, ముగ్గు మాసిపోయిందంటే ఇంట్ల ఎవలు లేనట్టే అన్నడు."

పొద్దున్నే వాకిలి ఊడ్చి పేడనీళ్లు చల్లడాన్ని మేము సాన్పి అంటాం. దాని మీద ముగ్గు పడితేనే ఇల్లు నిద్ర లేచినట్టు. రోజూ ఒంగి లేచి వేసే ముగ్గును ఇంకెవరో ఆ లెక్కన చూస్తున్నారని మాలో ఎవరికీ తోచలేదు.

"గందుకే చెప్తున్న. తాళమున్న ఇంటి ముందట రోజూ సాన్పి చల్లాలె, ముగ్గెయ్యాలె. గల్లీల ఎవలన్న ఒకలు. తాళంకప్ప దొంగను ఆపదమ్మా, పక్కింటోళ్ల దగ్గు ఆపుతది."

"ఓ సారూ, ఇగ లాఠీలిడిసి ముగ్గులు పట్టిండ్రా?" అని ఎవరో అన్నారు. గది గొల్లుమంది. నవ్వు తగ్గాక ఆయన అడిగారు, "ఈ గల్లీల అందరికంటె ముందుగాల లేసేదెవలు?"

కళ్లన్నీ నా వైపు తిరిగాయి. తిరిగినంత వేగంగా మళ్లీ వెనక్కి పోయాయి. "ఆమె లేస్తది గని..." అని ఒకామె ఆపింది.

"గని ఏంది?" అన్నారు ఆయన.

సంఘం పెద్దామె గొంతు తగ్గించి, ఆయనకు మాత్రమే వినిపిస్తున్నాననుకుని చెప్పింది. "సార్, ముగ్గంటే లక్ష్మి. ఆ పిల్ల చెయ్యి... మీకు తెల్వదు సార్, మగోళ్లు."

నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఈయన నా మీద జాలిపడి నాలుగు మంచి మాటలు చెబుతాడు, అవి వినాలి అనుకున్నాను. ఆయన చెప్పలేదు. మీసం ఒకసారి దువ్వుకుని, "నాకు లక్ష్మితోని పని లేదమ్మా, దొంగతోని పని. దొంగకు ఎవలేసిన ముగ్గయినా ముగ్గే," అన్నారు. సంఘం పెద్దామెకే మొదట నవ్వొచ్చింది. ఆయన నా వైపు తిరిగి, "చెల్లె, నువ్వు వేస్తవా?" అని అడిగారు. వేస్తానన్నాను. ఆ మాటలో జాలి లేకపోవడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అమ్మకు నచ్చలేదు. ఆ సాయంత్రం తునికాకు కత్తిరిస్తూ అన్నది, "వద్దు బిడ్డా. మంచి జరిగితే ఎవలు నీ పేరు చెప్పరు. చెడు జరిగితే నీ నెత్తి మీదనే ఏస్తరు." అమ్మ మాటలో తప్పేమీ లేదు. ఏ ఇంట్లో ఎవరికి ఏమైనా, ముగ్గు వేసిన చెయ్యి నాదవుతుంది. మాకు ఎల్లారెడ్డి తప్ప పోవడానికి ఇంకో ఊరు లేదు. అది తెలిసీ మరుసటి పొద్దున బకెట్టు పట్టుకుని దిగాను.

మా వాళ్ల తెలివితేటలు చూడండి. ఊరికి పోయేవాళ్లు ఇల్లు చూడమని నాకు చెప్పి పోవాలి. కానీ బయలుదేరేటప్పుడు చెబితే నా ముఖం చూడాలి కదా! అందుకని ముందురోజు సాయంత్రమే వచ్చి చెప్పేవారు. "రేపు పొద్దుగాల పోతున్నం, జర వాకిలి చూడు" అనేసి, తెల్లారి మా ఇంటి వైపు తల తిప్పకుండా పోయేవారు. ముగ్గు కావాలి, ముఖం వద్దు. నాకు కోపం రావాలి, కానీ చాలాసార్లు నవ్వే వచ్చేది.

జమేదార్ సారు పొద్దున రౌండు తిరుగుతూ మా గల్లీలో బండి స్లో చేసేవారు. మనుషుల ముఖాల కంటే ముందు నేల చూడటం అప్పటికే ఆయనకు అలవాటైపోయింది. "నిన్నటిదే మళ్లేసినవ్. దొంగ యాద్ పెట్టుకుంటడు, మార్చు," అనేవారు. ఒకసారి ఆయనే కూర్చుని చుక్కలు పెట్టబోయారు. వరుసలు మూడు దిక్కులకు పోయాయి. "సార్, మీ ముగ్గు చూస్తే దొంగ నవ్వుకుంట లోపటికి పోతడు," అన్నాను. పోలీసుతో పరాచికం ఆడింది నా జన్మలో అదే మొదలు. చేతులు దులుపుకుని లేచి, "సరే, నువ్వే ఎస్సైవి," అన్నారు.

ఇప్పుడు ఆ రోజు గురించి. మా ఎదురింట్లో లచ్చవ్వ అని పెద్దామె ఉండేది. ఆమె భర్తకు కడుపులో నొప్పి పెరిగితే కొడుకూ కోడలూ కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయారు. లచ్చవ్వ కూడా వెంట పోయింది. ఇంటికి తాళం పడింది. నేను రోజూ ముగ్గు వేస్తున్నాను. ముసలాయన కోలుకుంటున్నాడనే మాకు తెలుసు. శుక్రవారం వచ్చింది. శుక్రవారం కదా అని, తొందరలోనే ఇంటికి వస్తారు కదా అని, ఆ వాకిట్లో పెద్ద పద్మం వేసి, పసుపూ ఎరుపూ రంగులు నింపాను. అది ఆరకముందే ముసలాయన పోయిన సంగతి నాకు తెలియదు. గల్లీలో ఎవరికీ ఇంకా తెలియదు.

పొద్దెక్కాక అంబులెన్సు వచ్చి ఆ ముగ్గు ముందు ఆగింది. చావు ఇంటి ముందు ముగ్గు ఉండకూడదు. ఉన్నదాన్ని కూడా తుడిచేస్తారు. కోడలు దిగి నేల చూసింది. "ఎవలేసిండ్రు గీ ముగ్గు? శవమొచ్చే ఇంటి ముందట రంగులేసి ముగ్గేసిందెవలు?" అని అరిచింది. అరుస్తూనే మా గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. "నువ్వేనా? నీ ముండమోపి చెయ్యి మా వాకిట్ల పెట్టి మా మామను మింగినవా?"

నా వేళ్లకు ఇంకా ఎర్రరంగు ఉంది. చేతులు కొంగు కింద దాచుకున్నాను. వెనకాల అమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. గల్లీ అంతా బయటికి వచ్చింది. "ముందుగాలనే అన్నం గద," అని ఎవరో అన్నారు. ఇంకెవరో "చీపురు తేండ్రి" అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి నోటికి అడ్డు ఉండదు, కోడల్ని నేను అప్పుడూ తప్పుపట్టలేదు. కానీ ఆ పూట ఆ మాట నిలబడిపోతే నేను ఆ గల్లీలో ఉండగలిగేదాన్ని కాదు. నా బిడ్డ బడి నుంచి వచ్చే వేళవుతోంది, అది ఈ మాట వినకూడదు. అదొక్కటే నా తలలో తిరుగుతోంది.

చావు కబురు విని జమేదార్ సారు వచ్చారు. బండి దిగి నేల చూశారు, తరువాత నన్ను చూశారు. ఎవరూ చెప్పకుండానే ఆయనకు అంతా అర్థమైంది. టోపీ తీసి చంకలో పెట్టుకుని నేరుగా లచ్చవ్వ దగ్గరికి పోయారు.

"అవ్వా, గీ ముగ్గు నేనేయించిన. ఆ పిల్ల నా మాట ఇన్నది, గంతే. తప్పయితే నాది. ఏమంటవో నన్నను," అని, పక్కన ఒకామె తెచ్చిన చీపురు కోసం తనే చెయ్యి చాపారు.

లచ్చవ్వ అప్పటిదాకా నోరు తెరవలేదు. అంబులెన్సు తలుపు పట్టుకుని నిలబడి ఆ పద్మాన్నే చూస్తోంది. "ఆగు కొడుకా, చీపురు పెట్టకు," అన్నది.

చీపురు తెచ్చినామె దాన్ని వెనక్కి తీసుకుంది.

"ముసలోడు దవఖాన్ల పండుకోని రోజూ గిదే అడిగిండు. వాకిలి ఎట్లున్నదో, ఇల్లు పాడువడ్డట్టు కనవడ్తదేమో అని. రోజూ ముగ్గు పడ్తనే ఉంటదయ్యా, ఎదురింటి పిల్ల ఏస్తది అని చెప్పిన. రాత్రి గూడ గదే అడిగి, గదే ఇని పండుకున్నడు." ఆమె గుమ్మం వైపు చెయ్యి చూపింది. "తుడువకుండ్రి. ముగ్గు మీదికెల్లే లోపటికి తీస్కపోండ్రి. ఆయన చూస్కుంట పోతడు."

ఇంటి పెద్ద మాట అది. అయినా మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు జమేదార్ సారు మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టారు. ఆ తాళ్లు నిజంగానే పెద్ద పంచాది. గల్లీ మొత్తం ఆయన బూట్లు విప్పే దాకా ఆగింది. రెండూ పక్కన పెట్టి, ఒట్టి కాళ్లతో వచ్చి స్ట్రెచర్ ఒక కొస పట్టుకున్నారు. ఆయన పట్టుకున్నాక మిగతావాళ్లూ పట్టుకున్నారు. ముసలాయనను పద్మం మీదుగా లోపలికి తీసుకుపోయారు. జమేదార్ సారు ఒక ఇంటి గడప దాటగా నేను చూసింది అదొక్కసారే.

ఆ రోజుతో గల్లీ మారిపోయిందని రాస్తే అబద్ధం. కోడలు చాలా నెలలు నాతో మాట్లాడలేదు. నేను కూడా ఇక ముగ్గులు వద్దనుకున్నాను. దినాలు అయిపోయాక జమేదార్ సారు మా అరుగు దగ్గర బండి ఆపి, "వెనక గల్లీల ఒక ఇల్లు తాళమున్నది చెల్లె," అన్నారు. "ఇంక నాతోని కాదు సార్," అన్నాను. ఆయన వాదించలేదు. "లచ్చవ్వ మాట నువ్వు గూడ ఇన్నవు గద. గంతకంటె పెద్ద మాట ఎవలు చెప్తరు నీకు?" అని బండి స్టార్ట్ చేసుకుని పోయారు. తెల్లారి నేను బకెట్టు తీశాను.

ఎండాకాలంలో ఒక పొద్దున మా తలుపు ముందు అలికిడి అయింది. చూస్తే ఎదురింటి కోడలు. పట్టుచీర, చేతిలో సంచీ, వెనక భర్తా పిల్లలూ. నేను అలవాటుగా తలుపు చాటుకు జరిగాను.

"పెద్దకొడప్‌గల్ పోతున్నం, మా చెల్లె ఇంటికి. వాకిలి చూడు," అంది, నా ముఖంలోకి చూస్తూ.

"నిన్న పొద్దూకినంక చెప్తే అయిపోతుండె గదా అక్కా," అన్నాను.

"నిన్న యాదికి లేదు."

అరుగు మీద కూర్చున్న లచ్చవ్వ అక్కడి నుంచే అందుకుంది, "అబద్ధాలాడకే! పొద్దుగాల చెప్తనని నిన్ననే అన్నవ్ గద." కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంచినీళ్లు తాగడానికి వెనక్కి పోలేదు. సంచీ ఊపుకుంటూ బస్టాండు వైపు నడిచింది. నేను లోపలికి వచ్చి తనివితీరా ఏడ్చాను. సంతోషంతోనే.

నా బిడ్డ పెద్దదైంది. అంగన్‌వాడీ పోస్టు పడిందని ఆఫీసు గోడ మీద చూసి వచ్చి నాకు చెప్పింది కూడా జమేదార్ సారే. "ఇంటర్ చదివి బీడీలకే అంకితమైతవా?" అని దెప్పి మరీ దరఖాస్తు పెట్టించారు. ఇవన్నీ ఒక మనిషికి ఒక మనిషి చేసే సాయాలు, ఆయనకు వీటి లెక్క కూడా ఉండి ఉండదు. తరువాత కామారెడ్డికి బదిలీ అయింది, అక్కడే రిటైరై రైలు స్టేషన్ అవతల చిన్న ఇల్లు కట్టుకున్నారు. నా బిడ్డ కామారెడ్డిలో నర్సింగ్ చదువుతున్నప్పుడు ప్రతి ఆదివారం వాళ్లింట్లోనే అన్నం తిన్నది. ఆయన నన్ను చెల్లె అనేవారు కాబట్టి ఆయన భార్య నాకు వదిన అయింది.

కబురు తెలిసిన రోజు మా గల్లీ ఆడవాళ్లం కలిసే బస్సెక్కాం. ఎదురింటి కోడలు దారి పొడుగునా నా పక్కనే కూర్చుంది. ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. మీసం పక్కన తెల్ల వెంట్రుకలు బయటపడ్డాయి, రంగు వేయడానికి ఎవరికి మనసొస్తుంది? వదిన మమ్మల్ని చూసి ఏడుపు మధ్యలోనే, "మీ గల్లీ ముగ్గుల ముచ్చట ఎన్నిసార్లు చెప్పిండో. ఇంట్ల మాత్రం ఒక్కనాడు చీపురు పట్టలే," అన్నది. ఏడుస్తూనే నవ్వాం. ఆయనకు మేము చెప్పుకోగలిగిన కృతజ్ఞత ఆ నవ్వే.

దినాలు అయిపోయాయి. పోయిన సోమవారం నా బిడ్డ కామారెడ్డిలో ఒక దవాఖానలో నర్సుగా చేరాల్సిన రోజు. తెల్లవారే ఎల్లారెడ్డిలో బస్సెక్కి ముందుగా వదిన ఇంటికి పోయాం. వాళ్ల పక్కింటివాళ్లు ఏదో పెళ్లికి బయలుదేరుతున్నారు, కారులో సామాను పెడుతున్నారు. వదిన ఇంటి తలుపు సగం తెరిచి ఉంది. ఆ సగం తలుపు చాటున ఆమె నిలబడి, కారు ఎప్పుడు పోతుందా అని గల్లీ వైపు చూస్తోంది. కారు పోయాకే తలుపు ఇంకొంచెం తెరుచుకుంది. ఆ చూపు ఏమిటో ఇంకొకరు నాకు చెప్పక్కర్లేదు.

"గాడ నిలవడ్డరేంది? లోపటికి రాండ్రి," అంది మమ్మల్ని చూసి.

"లోపటికి రాం వదినా. బిడ్డ ఇయ్యాల మొదటిసారి డ్యూటీకి పోతున్నది. నువ్వు ఎదురురా," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "నేనా? పిచ్చి లేసిందా నీకు? మంచి పనికి పోయే పిల్లకు నేనెదురు రావుడేంది? ఉండు, అవతలింటామెను పిలుస్త."

"అవతలింటామె వద్దు."

"ఒద్దే. పిల్లకేమన్న అయితే నేను బతుకుతనా?"

నా బిడ్డే గేటు దగ్గరికి జరిగి, తెల్ల కోటు చేతి మీద వేసుకుని నిలబడింది. "అత్తమ్మా, నాకు టైమైతున్నది. నువ్వు రాంది నేను గీడికెల్లి కదల," అంది.

వదిన తలుపు పట్టుకునే నిలబడింది. కొంగు భుజం చుట్టూ తెచ్చుకుంది. గల్లీ అటు చూసింది, ఇటు చూసింది. తరువాత చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, పొద్దుటి ఎండలోకి వచ్చి, నా బిడ్డకు ఎదురుగా నడిచింది.